గుమ్మడి పిందెలూ మా అత్త వేలూ

ఆ రోజుల్లో కోడలు పుట్టింటికి పోవాలంటే బస్సు ఉంటే చాలదు, అత్త నోట్లో నుంచి మాట రావాలి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన కొత్తలో నన్ను పులివెందుల పక్క పల్లె నుంచి జమ్మలమడుగుకు ఇచ్చారు. మా ఆయన ప్రొద్దుటూరులో నూనె మిల్లులో పని చేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. తక్కిన దినాలన్నీ ఇంట్లో నేనూ, మా అత్తా, పెరట్లో గుమ్మడి తీగా. మా అత్తకు ఎవరి మీదా నమ్మకం లేదు. పాలామె నీళ్ళు కలుపుతుందని అనుమానం, పాలు చిక్కగా ఉంటే ఈ పొద్దు ఎందుకు కలపలేదని ఇంకో అనుమానం. (వీధిలో నన్ను చూసి ఎవరన్నా నవ్వితే, ఎందుకు నవ్వారో నేను చెప్పాల్సి వచ్చేది.) అట్లాంటి మనిషి, నేను అమ్మను చూడాలని ఏడుస్తుంటే ఒకరోజు మెత్తబడింది. "ఏడ్సగాకు మ్మే. ఈ తీగకు మొదటి కాయ ముదరనీ, ఎత్తుకోని పోదువు. వట్టి చేతుల్తో పంపిస్తే మీ అమ్మ నన్నేమనుకుంటాది?" అంది. ఆ పొద్దు నుంచి ఆ తీగే నా బస్సు టికెట్టు.

బియ్యం కడిగిన నీళ్ళన్నీ దానికే పోశాను. పేడ వేశాను, పురుగు పట్టకుండా ఆకుల మీద పొయ్యి బూడిద చల్లాను. పూలు పూసింది, నిమ్మకాయంత పిందెలు పడ్డాయి. పడినవి పడినట్టే పసుపెక్కి, మెత్తబడి, రాలిపోయాయి. గుమ్మడి పిందెను వేలు పెట్టి చూపిస్తే కుళ్ళిపోతుందని మా పక్క పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. ఇంక మా అత్త పోలీసయింది. మొదటి అనుమానం గోడవతల మిషనక్క మీద. (వాళ్ళాయన కుట్టు మిషను మీద బట్టలు కుట్టే సాయిబు, అందుకని వీధంతా ఆమెను మిషనక్క అనేవాళ్ళు.)

"నిన్న గోడ మీద నుంచి చెయ్యి సాపినావా లేదా?" అని మా అత్త నిలదీసింది.

"బట్టలు ఆరేసినా పెద్దమ్మా. చెయ్యి సాపకుండా యాడన్నా ఆరేస్తారా?" అంది మిషనక్క.

"ఆరేస్తే ఆరేసినావు. ఏలు యాపక్కకు ఉండె?"

ఆమె తర్వాత పాలామె, పాలామె తర్వాత నేను. పెరట్లోకి పోయేటప్పుడు పిడికిలి ముడుచుకొని పొమ్మని నాకు హుకుం. చెంబెత్తాలన్నా రెండు పిడికిళ్ళ మధ్య ఇరికించి ఎత్తేదాన్ని.

అనుమానం అంటురోగం లాంటిది. కొన్నాళ్ళకు నాకూ తగులుకుంది. పిందె రాలినప్పుడల్లా రాలేది నా ప్రయాణం కదా! మా అత్తే చాటుగా గిల్లేస్తోందేమో అనుకున్నాను. ఒక తెల్లవారుజామున మజ్జిగ చిలుకుతున్నట్టు కవ్వం చప్పుడు చేసి, మెల్లగా పోయి గడ్డివామి వెనక నక్కాను. మా అత్త వచ్చింది. ఒక్కొక్క ఆకే ఎత్తి, ఒక్కొక్క పిందె మీదికే చూపుడు వేలు చాపి, "ఒకటీ... రెండూ..." అంటోంది. ఎవరన్నా కోసుకుపోయారేమోనని రోజూ లెక్క చూసుకుంటోందన్నమాట! నాకు నోరు ఆగదు, అప్పుడూ అంతే.

"అత్తా! ఏలు చూపేది నువ్వే గదా!"

ఉలిక్కిపడింది. అంతలోనే సర్దుకుంది. "ఇది చూపే ఏలు కాదు మ్మే, లెక్కబెట్టే ఏలు. రెండిటికీ శానా తేడా ఉండాది."

"ఆ తేడా పిందెకు తెలుస్తాదా?"

"తెలీకపోతే అది తెలివిలేని పిందె. కుళ్ళిపోనీ."

మధ్యాహ్నం గోడ దగ్గర మిషనక్కకు ఇది చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "పాపా, ఒక కాయ బతికి ఉండాదిలే. మీ తీగ మా కొట్టం మీదికి పాకింది. మీ అత్త లెక్కలో పడకుండా నేనే గోనెపట్ట కప్పినా. ముదిరేదాకా నోరు తెరవగాకు" అంది. నా జన్మలో అన్నాళ్ళు నోరు మూసుకుంది అప్పుడే.

కాయ ముదిరినాక సాయిబన్న దాన్ని భుజం మీద మోసుకొచ్చి మా వసారాలో దించాడు.

"నా తీగ కాయ మీ ఇంటి మీద యాడిది? దాచిపెట్టి తినాలనుకున్యారా?" అంది మా అత్త.

"తినేదాన్నయితే గోనె ఎందుకు కప్పుతా పెద్దమ్మా, కత్తే పెడుదును గదా" అంది మిషనక్క.

మా అత్త కాయకు గోరు గుచ్చింది. దిగలేదు. తిప్పి ఇంకో పక్క గుచ్చింది, అక్కడా దిగలేదు. తొడిమ చూస్తే ఎండిపోయి ఉంది. ఇంక అనుమానించడానికి ఏమీ మిగలక, ఎవరో పోయినట్టు మొహం పెట్టి, "ముదిరింది" అంది.

నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు కత్తి పెట్టకూడదు గనక మా ఆయన వచ్చినాక మొదటి వేటు వేయించింది. సగం మా అమ్మకు గుడ్డలో కట్టింది. మిషనక్కకు ఒక ముక్క (కత్తిని రెండుసార్లు ఇవతలికి జరిపి మరీ కోసింది). మిగిలిందాంట్లో చింతపండు పిసికి, బెల్లం వేసి, ఆవాల తాలింపుతో పులుసు పెట్టింది. సంగటి ముద్ద మీద పోస్తూనే ఉంది. "తిను. మీ అమ్మ ఇట్ల చేస్తాదో లేదో" అంది. నేను బస్సెక్కినాక మాత్రం కిటికీ పట్టుకొని, "తొందరగా రాకపోతే తీగ పీకేస్తా, చూసుకో" అని మొహం తిప్పుకుంది.

ముద్దనూరులో బస్సు మారేదాకా ఒడిలో సగం గుమ్మడికాయ, తలలో కొత్త అనుమానం. వేలు చూపిస్తే పిందె పోతుందని వీధినంతా తిట్టిన మనిషి, రోజూ తెల్లారేసరికి ఆ సంగతి మరిచిపోతుందా? ఆ వేలు లెక్క కోసమా, నన్ను ఆపడం కోసమా? అడగాలనుకుంటూనే ఆమె పోయేదాకా అడగలేదు.

తల నెరిసినాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. పిందెను కుళ్ళబెట్టేది ఈగ అనీ, అది కుట్టి లోపల గుడ్లు పెడుతుందనీ కూడబలుక్కొని చదివాను. నమ్మాను కూడా. మొన్న మా కోడలు, "అత్తమ్మా, ఈ తీగకు మొదటి కాయ ముదిరితే ఎత్తుకోని మా అమ్మ దగ్గరికి పోయొస్తా" అంది. సరే మ్మే అన్నాను. మరుసటి పొద్దున పెరట్లో పిందెలు చూస్తూ చూస్తూ నా చెయ్యి వైపు చూసుకుంటే, చూపుడు వేలు బారుగా చాపి ఉంది. గబుక్కున ముడిచి వెనక్కు పెట్టుకున్నాను. అంతలో వంటింటి కిటికీలో గాజులు గలగలమన్నాయి.

"ఏంది అత్తమ్మా, ఆడ ఏం చేస్తాండావు?"

"లెక్కబెడతాండా మ్మే" అన్నాను.