టైలరక్క చేతుల్లో అధ్యక్షుడి ప్రసంగం

ఏడాదికోసారి అధ్యక్షుడు టీవీలో దేశప్రజలతో మాట్లాడే రోజున టైలరక్క కుట్టుమిషను సాయంత్రం నాలుగున్నరకే ఆగిపోయేది. మామూలు రోజుల్లో అది ఆగిందంటే కరెంటు పోయిందని సందంతా అనుకోవాల్సిందే. ఆ ఒక్కరోజు మాత్రం ఆమె బడిపిల్లల యూనిఫారాల గుట్టను బల్ల కిందికి తోసి, వేళ్ళకంటిన సుద్దపొడి కడుక్కుని, చేతులు తుడుచుకుంటూ ఎదురుగా ఉన్న వడ్రంగి షెడ్డులోకి వెళ్ళేది. అక్కడ ఆమె అన్నయ్యా, ఆయనతో పనిచేసే ముగ్గురు మిత్రులూ చెక్కపొట్టు ఊడ్చి, సగం చేసిన కుర్చీలు వరసగా వేసుకుని టీవీ ముందు కూర్చునేవారు. నలుగురికీ వినపడదు. అధ్యక్షుడు చెప్పేది వాళ్ళకి చేరాలంటే టైలరక్క టీవీ పక్కన నిలబడి చేతులు ఆడించాల్సిందే.

అన్నయ్యకి మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ వినికిడిని పట్టుకుపోయింది. బధిరుల బడిలో సైగల భాష నేర్చుకుని, సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా చెల్లెలికి నేర్పాడు. అక్షరాలకంటే ముందు ఆమెకి సైగలే వచ్చాయి. ఇద్దరూ వరండాలో కూర్చుని చేతులతో తిట్టుకుంటుంటే, ఇల్లింత ప్రశాంతంగా ఉందేమిటా అని వంటింట్లో అమ్మ మురిసిపోయేది. బయటికొచ్చి చూస్తే ఒకరి జుట్టు ఒకరి గుప్పిట్లో ఉండేది.

పెద్దయ్యాక ఆయన తనతో చదువుకున్న ముగ్గురిని కలుపుకుని షెడ్డు పెట్టాడు. "రంపం మోతకి చెవులు పోతాయని లోకమంతా భయపడుతుంది. మాకా బెంగ లేదు" అనేవాడు చేతులతో, కళ్ళు చికిలించి నవ్వుతూ.

టీవీ కొన్నది బంతాటల కోసం. ఆటకి మాటలక్కర్లేదు కదా. ఓ సాయంత్రం ఆట వచ్చే వేళకి తెరమీద ఎవరో కోటు వేసుకున్నాయన మాట్లాడుతున్నాడు, ఎదుట వందలమంది లేచి చప్పట్లు కొడుతున్నారు. అన్నయ్య సందు దాటొచ్చి చెల్లెలి భుజం తట్టాడు.

"వాళ్ళెందుకు చప్పట్లు కొడుతున్నారు?"

"అధ్యక్షుడి ప్రసంగం. ప్రతి ఏడాదీ ఉండేదేగా!"

"నాకెవరు చెప్పారు?"

టైలరక్క పళ్ళ మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసి ఆయన వెనకే నడిచింది. అలా మొదలైంది. అప్పటినుంచి ఇరవై ఏళ్ళలో ముగ్గురు అధ్యక్షులు మారారు. చేతులు మాత్రం అవే.

రెండు గంటల ప్రసంగాన్ని పొల్లుపోకుండా చెప్పాలంటే భుజాలు పడిపోతాయి. అందుకని టైలరక్క తనకి తెలిసిన విద్యే వాడేది. పొడుగున్నచోట కత్తిరించడం, మిగిలినదాన్ని దగ్గరికి చేర్చి కుట్టడం. "గత ప్రభుత్వాలు" అన్న మాట రాగానే బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించి మూతి ముడిచేది. "పరిశీలిస్తాం" అంటే గడ్డం గోక్కుంటూ ఇంటికప్పు వైపు చూసేది. ఇక చెప్పిందే చెప్పడం మొదలైందంటే రెండు చేతులా రోకలి పట్టుకున్నట్టు పట్టి ఊక దంచేది. నలుగురు వడ్రంగులూ కుర్చీలు ఊగేలా నవ్వేవాళ్ళు. అలా నవ్వితే చేసిన కుర్చీ గట్టిదో కాదో కూడా తేలిపోయేది.

ఆ నవ్వులు సందులోకి వినపడేవి. మొదట టీకొట్టాయన తొంగిచూశాడు. "ఇదే ప్రసంగం మా కొట్లో కూడా పెట్టాను, అక్కడ అందరూ ఆవలిస్తున్నారు! ఇక్కడేంటి ఇంత నవ్వు?" అని వచ్చి నిలబడ్డాడు. మరుసటి ఏడాది తన గిరాకీని కూడా వెంటబెట్టుకొచ్చాడు. తర్వాత ఇస్త్రీ చేసే దంపతులు, ఆ తర్వాత రిటైరైన లెక్కల మాస్టారు చేరారు. వినపడేవాళ్ళంతా వెనక నిలబడేవాళ్ళు, కుర్చీలు నలుగురికే. కొన్నేళ్ళకి సందులో సగంమందికి సైగలు అర్థం కావడం మొదలైంది. ఇస్త్రీ ఆవిడైతే మొగుడితో తగువొచ్చినప్పుడల్లా ఆయన ముందు ఊక దంచి చూపించేది.

మాస్టారు మాత్రం కచ్చితమైన మనిషి.

"అమ్మాయ్, ఆయన పదకొండు శాతం అన్నాడు. నువ్వు పది వేళ్ళతో సరిపెట్టావు."

"పదకొండో వేలు ఎక్కణ్ణుంచి తేను మాస్టారూ?"

"మధ్యలో రైతుల గురించి చెప్పింది మొత్తం ఎగరగొట్టేశావు."

"ఆయన కోతలు కోస్తాడు, నేను కత్తిరిస్తాను. ఎవరి పని వాళ్ళది!"

ఓసారి టీకొట్టాయన, "ఎంత చెప్పినా ఈ నాయకులకి మన గోడు పట్టదు. చెవిటివాడి ముందు శంఖం..." అంటూ సగంలో నాలుక కరుచుకున్నాడు. ఏమన్నాడని అన్నయ్య అడిగాడు. టైలరక్క దాచకుండా చెప్పేసింది. అన్నయ్య లేచి వెళ్ళి, సిగ్గుతో చితికిపోతున్న టీకొట్టాయన భుజం మీద చెయ్యి వేసి, "ఆ శంఖం మా ముందు ఊదితే మాకేం నష్టం లేదు. పక్కింటివాళ్ళకే నిద్రపట్టదు" అన్నాడు. ఆ మాట సందులో నెల్లాళ్ళు తిరిగింది.

ఈ ఇరవై ఏళ్ళలో ఒక్క ఏడాది మాత్రం షెడ్డులో నవ్వు లేదు. ఉలి జారి అన్నయ్య కుడి అరచేతిలో దిగింది. మూడు నెలలు పని ముట్టకూడదన్నారు. పని సంగతి సరే, ఆయనకి ఆ చెయ్యే నోరు కూడా. కట్టుతో లావెక్కిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో నత్తినత్తిగా నాలుగు మాటలు చెప్పి విసుగొచ్చి ఊరుకునేవాడు. ఆ ఏడాది ప్రసంగం రోజున కూడా తెరకేసి కాకుండా నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

అధ్యక్షుడు ఓడరేవుల గురించి ఏదో చెబుతున్నాడు. టైలరక్క చేతులు ఓడరేవులని వదిలేసి వేరే దారి పట్టాయి. పాదంతో నేలమీద తట్టి అన్నయ్య తల ఎత్తేదాకా ఆగింది. అప్పుడు మెల్లగా, ఒక్కో సైగా విడదీసి చెప్పింది. "ఈ దేశంలో ప్రతి తలుపూ, ప్రతి బడిబల్లా, ప్రతి ఉయ్యాలా ఒక వడ్రంగి చేతిమీదుగా వచ్చిందే. ఆ చేతులకి నా నమస్కారం."

వెనక మాస్టారు నోరు తెరిచారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నోరు మూసేశారు. అన్నయ్య కట్టున్న చెయ్యి, కట్టులేని చెయ్యి రెండూ పైకెత్తి గాలిలో ఊపాడు. వాళ్ళ భాషలో చప్పట్లు అవే. చెయ్యి మానాక కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు. మర్చిపోయాడులే అనుకుని టైలరక్క ఊపిరి పీల్చుకుంది.

ఎనిమిదేళ్ళ తర్వాత ఓ ప్రసంగం రోజున ఒక చానెల్ అమ్మాయి మైకు పట్టుకుని, కెమెరా మనిషిని వెంటేసుకుని సందులోకొచ్చింది. ప్రసంగం మీద సామాన్య జనం ఏమంటున్నారో అప్పటికప్పుడు చూపించే కార్యక్రమమట. కబురు ముందే అందడంతో టీకొట్టాయన చొక్కా మార్చాడు, ఇస్త్రీ ఆయన తన బట్టలే ఇస్త్రీ చేసుకున్నాడు, అది కూడా ఓ వింతే. ప్రసంగం ముగియగానే అమ్మాయి గబగబా మొదలెట్టింది.

"ఒక్కొక్కరికీ అర నిమిషమేనండీ. మాస్టారూ, మీరు చెప్పండి."

మాస్టారు అంకెల తప్పులు రెండు పట్టుకునేసరికే అర నిమిషం అయిపోయింది. టీకొట్టాయన రాత్రంతా బట్టీపట్టినదంతా మైకు చూడగానే మర్చిపోయి, "బాగుందండీ... బాగానే ఉందండీ" అని నీళ్ళు నమిలాడు. ఇంతలో అన్నయ్య లేచి కెమెరా ముందుకొచ్చి చేతులు ఎత్తాడు.

అమ్మాయి తడబడింది. "ఈయన..."

"మా అన్నయ్య. మీతో మాట్లాడతాడట. నేను చెబుతాను."

ఇన్నేళ్ళూ నోటిమాటని చేతుల్లోకి మార్చిన టైలరక్క, చేతుల మాటని మైకులోకి పలకడం అదే మొదలు. గొంతు కీచుగా వచ్చింది.

"ఇరవై ఏళ్ళుగా ఈ ప్రసంగం చూస్తున్నాను. కానీ నేను చూసింది అధ్యక్షుడి ప్రసంగం కాదు, మా చెల్లెలి ప్రసంగం. అది చాలా బాగుంటుంది." వెనకెవరో కిసుక్కుమన్నారు. అన్నయ్య చేతులు సాగాయి. "అయితే తను కత్తిరిస్తుంది. ఒక్కోసారి అతుకులు కూడా వేస్తుంది. ఎనిమిదేళ్ళ కింద అధ్యక్షుడు వడ్రంగులకి నమస్కారం పెట్టాడని చెప్పింది. మర్నాడు పేపరు తెప్పించుకుని..."

టైలరక్క ఆగిపోయింది. ఆయన అంటున్నదేమిటో కళ్ళముందు కనిపిస్తూనే ఉంది, నోరు మాత్రం రావడంలేదు. "అంటే... ప్రసంగం బాగుందంటున్నాడండీ" అంది.

అన్నయ్య ఆమె పెదాలే చూస్తున్నాడు. వేలెత్తి బెదిరించాడు. "సరిగ్గా చెప్పు. ఈసారి కత్తెర వద్దు."

సందంతా గొల్లుమంది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ అందుకుంది. "మర్నాడు పేపరు తెప్పించుకుని ప్రసంగం వేసిన రెండు పేజీలూ చదివాను. వడ్రంగి అన్న మాటే లేదు. ఆ కాగితం మడిచి పెట్టెలో దాచుకున్నాను. ఎందుకంటే నేను చూసిన ప్రసంగాలన్నిటిలోకీ గొప్పది, ఆ కాగితంలో లేని ఆ అతుకే." అన్నయ్య ఆమెకేసి వేలు చూపించాడు. "ఇప్పుడు తనకి నలభై ఎనిమిదేళ్ళు. రెండు గంటలు నిలబడితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. టీవీ మూలన చిన్న గడి పెట్టి అందులో సైగలు చేసే మనిషిని నిలబెట్టండి. మా చెల్లెలు కూర్చోవాలి."

అర నిమిషం ఎప్పుడో దాటిపోయింది. అమ్మాయి మైకు వెనక్కి తీసుకోలేదు. సందులో ఉన్నవాళ్ళందరి చేతులూ పైకి లేచి గాలిలో ఊగాయి. టీకొట్టాయన చేతిలో గ్లాసు ఉన్న సంగతి కూడా మర్చిపోయాడు. టీ మాస్టారి చొక్కా మీద పడింది.

కెమెరా వెళ్ళిపోయాక టైలరక్క అన్నయ్య వీపుమీద ఒక్కటి చరిచింది. "ఎనిమిదేళ్ళు నోరు మెదపకుండా ఎలా ఉన్నావు?"

"నోటితో నాకేం పని?" అన్నాడాయన చేతులతో.

పై ఏడాది ప్రసంగానికి తెర కుడిమూలన నిజంగానే ఒక గడి వెలిసింది. అందులో నల్లకోటు వేసుకున్న ఒకావిడ నిలబడి సైగలు చేస్తోంది. బధిరుల సంఘంవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అర్జీలు పెట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించినదని మాస్టారికి తెలుసు. అన్నయ్యకీ తెలుసు, ఆ అర్జీల్లో ఆయన సంతకాలూ ఉన్నాయి. అయినా సందంతా కలిసి ఆ ఘనతని వడ్రంగి షెడ్డుకే కట్టబెట్టింది. ఎవరూ కాదనలేదు.

అన్నయ్య ఆరోజు కోసం ప్రత్యేకంగా ఒక చేతుల కుర్చీ చేసి, మొదటి వరసలో వేసి చెల్లెల్ని కూర్చోబెట్టాడు. వడ్రంగులు నలుగురూ గడిలోని ఆవిడని రెప్పవేయకుండా చూస్తున్నారు. కాసేపటికి ఒకాయన పక్కకి తిరిగి టైలరక్కని నిలదీశాడు.

"ఈయన ఇన్ని మాటలు మాట్లాడతాడా? నువ్వు ఇందులో పావువంతు కూడా చెప్పలేదే!"

"ఆవిడ ఒక్కసారైనా ఊక దంచలేదు. అంత ఓర్పు ఎక్కడిది?" అన్నాడు ఇంకొకాయన.

టైలరక్క నవ్వుతూ వెనక్కి వాలింది. కుర్చీ మెత్తగా ఉంది. వీపు సరిగ్గా ఆనింది. పొద్దున్నించీ యాభై జేబులు కుట్టిన కళ్ళు. అధ్యక్షుడు సాగునీటి దగ్గర ఉండగా ఒక్క క్షణం రెప్ప వాల్చింది. తెరిచేసరికి తెరమీద అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, ప్రసంగం అయిపోయింది.

"ఏం చెప్పాడు?" అని కంగారుగా అన్నయ్యని అడిగింది.

ఆయన కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. వేళ్ళు విరుచుకున్నాడు. మొదటి నమస్కారం దగ్గరనుంచి మొదలుపెట్టి, గత ప్రభుత్వాలు, పదమూడు శాతం, ఓడరేవులు, సాగునీరు, ఒక్క ముక్క వదలకుండా, చెప్పిందే చెప్పినచోట మళ్ళీ చెప్పి మరీ వినిపించాడు. మధ్యలో ఆమె రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ మిగతా ముగ్గురూ భుజాలు పట్టి కూర్చోబెట్టారు. మాస్టారు గడియారం చూసి, "గంటా యాభై నిమిషాలు. ఒక్క అంకె తప్పుపోలేదమ్మాయ్!" అన్నారు, పరమానందంగా.