సున్నా నంబరు రోగి

తొంభైల చివర్లో చిత్తూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కంప్యూటర్ పని చేసిపెట్టడానికి తిరుపతి నుంచి బస్సెక్కి పోయేవాణ్ణి. రోగుల వివరాలు అక్కడ చిన్న చిన్న ఫైళ్ళలో ఉండేవి. ఒకటి నిండితే ఇంకొకటి తెరిచేవారు. పాత రోగి వస్తే ఏ ఫైల్లో ఉన్నాడో కనుక్కోవడమే సగం వైద్యం. వాటన్నిటినీ కలిపి ఒకే పెద్ద ఫైలుగా మార్చాను. అంతవరకు సాఫీగానే జరిగింది. చిక్కంతా ఇండెక్స్ దగ్గర వచ్చింది.

కార్డు నంబరు కొట్టగానే రోగి దొరికేటట్టు కంప్యూటర్ తనకోసం తయారుచేసుకునే పట్టికే ఇండెక్స్. అది కొంత దూరం పోయి ఆగిపోతోంది. ఎందుకో చెప్పదు. డిస్కులో చోటు చాలలేదేమోనని అడ్డమైనవన్నీ తీసేశాను. అయినా ఆగిపోయింది. ఫైళ్ళు మార్చేటప్పుడే దెబ్బతిన్నాయేమోనని మళ్ళీ మొదటి నుంచి మార్చాను. అక్కడే ఆగింది.

మేనేజరుకు మాత్రం తప్పు అప్పుడే దొరికేసింది. ఏళ్ళ తరబడి ఆ వివరాలు కొట్టిన ఆపరేటరమ్మ పక్కనే కూర్చుని ఉంది.

"ఈయమ్మే యాడో తప్పు కొట్టుంటాదప్పా. సాయంత్రానికి ఇది తేలకపోతే రేపట్నించి వేరే మనిషిని పెట్టుకుంటాం" అన్నాడు, ఆమె వినేటట్టే.

నాకు ఒళ్ళు మండింది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం చాలా ఆఫీసుల్లో చూశాను గానీ, ఇంత తొందరగా ఎక్కడా చూడలేదు.

రెండుసార్లు వచ్చిన నంబరు ఉంటే ఇండెక్స్ ఒప్పుకోదు. అలాంటివి ఏరడానికి చిన్న ప్రోగ్రాం రాసి చూశాను. ఒకే ఒక్క నంబరు బయటపడింది, సున్నా. పేరు ఉండాల్సిన చోట 'శ్రీ' అని ఉంది. వయసు లేదు, జబ్బు లేదు. ప్రతి పాత ఫైలుకూ మొదటి రోగి ఆయనే. ఫైళ్ళు విడివిడిగా ఉన్నన్నాళ్ళు ఎవరికీ అడ్డం రాలేదు.

"ఇది ఎవరు కొట్టినారమ్మా?" అని అడిగాను.

ఆమె మేనేజరు వైపు ఒకసారి చూసింది. "కొత్త ఫైలు తెరిచినప్పుడంతా సారే టెంకాయ కొట్టి, కీబోర్డుకు పసుపూ కుంకుమా పెట్టి, మొదట శ్రీ కొడతారన్నా. రోగుల నంబర్ల వరస చెడకూడదని దానికి సున్నా పెడతారు. ఆ తర్వాతనే నన్ను కూర్చోనిచ్చేది."

మేనేజరు వంగి తెర వైపు చూశాడు. "శ్రీ లేకుండా ఎట్ల మొదలుపెట్టేదప్పా?" అని నన్నే అడిగాడు. ఒకటి ఉంచి మిగతావి తీసేస్తే చాలన్నాను. అన్నానే గానీ నాకూ చెయ్యి రాలేదు. మా ఇంట్లో సరుకుల చీటీ మీద కూడా ముందు శ్రీ పడాల్సిందే.

"నా చేత్తో పెట్టిండేది నా చేత్తో ఎట్ల తీసేది? నువ్వు తీసెయ్యమ్మా" అన్నాడు ఆపరేటరమ్మతో.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది గానీ నొక్కలేదు.

"తీస్తాను సార్. రేపు నేను డ్యూటీకి రావాల్నా, వద్దా? అది చెప్పండి ముందు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఎప్పటి మాదిరే రామ్మా" అన్నాడు.

అప్పుడు నొక్కింది.