పుట్టింటి మట్టి

నా చెయ్యి మంచిది కాదని ఒకే ఒక్క మనిషి అంది. ఊరంతా అన్నా అంత బాధపడేదాన్ని కాదు. ఆ మనిషి తప్ప నాతో మాట్లాడేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు మరి.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. నూజివీడుకు నాలుగు మైళ్ళ అవతల ఒక కామందుగారి మామిడి తోటకు కాపలా ఉండేదాన్ని. అసలు కాపలా మా ఆయనది. నన్ను పెళ్ళి చేసుకుని అక్కడికి తెచ్చాడు, మూడో ఏడు జ్వరంతో పోయాడు. కామందుగారు, "ఉండాలనుంటే ఉండమ్మా. అంటుమొక్కలకు నీళ్ళు పొయ్యి, వాటి మధ్యలో కూరగాయలు వేసుకు తిను" అన్నారు. ఉంగుటూరు దగ్గర మా పుట్టింటికి పోతే అన్నయ్య పిల్లల్ని చంకనేసుకుని తిరగడమే నా బతుకు. అందుకని తోటలోనే ఉండిపోయాను. పంతం నాకు పుట్టుకతో వచ్చింది.

తోటలో ఉండటమంటే ఏంటో కాయల కాలంలో మాత్రమే వచ్చేవాళ్ళకు తెలియదు. మిగతా నెలల్లో మనిషి అలికిడి ఉండదు. ఒకరోజు నా పేరు ఎవరైనా పిలిస్తే బాగుండనిపించి, బావిలోకి వంగి నేనే పిలుచుకున్నాను. బావి పలికింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ తరవాత కోపమొచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

కంచె అవతలి తోటలో కాపలావాడి భార్య ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. మాకు వరసేమీ లేదు, నేనే 'వదినా' అని కలుపుకున్నాను. ఆమె మొగుడు బండి తోలుకుని పోతే నాలుగేసి రోజులు తిరిగి రాడు. పొద్దున్నే ఇద్దరం కంచెకు అటూ ఇటూ నిలబడేవాళ్ళం. "ఏం కూరే ఇవాళ?" అని అడిగేది. నా మడిలో వంకాయ తప్ప ఇంకోటి లేదని ఆమెకు తెలుసు. అయినా రోజూ అడిగేది, నేనూ రోజూ చెప్పేదాన్ని.

బావి పక్కన తడి ఉంటుందని వంగ నారు ఏటా ఆ ఒక్క మడిలోనే పోసేదాన్ని. ఆ ఏడు మృగశిర కార్తెలో వదిన నారు అడిగింది. ఎవరైనా నారు పీకి, వేళ్ళకున్న మట్టి దులిపి, కట్టలు కట్టి ఇస్తారు. మా అమ్మ అలా ఇవ్వనిచ్చేది కాదు. "పిల్లని ఒట్టి కాళ్ళతో పంపుతామా? పుట్టింటి మట్టి కాస్త వెంట ఉండాలి. కొత్తచోట బెంగ పెట్టుకోదు" అనేది. నేనూ అంతే. కొడవలి మొనతో చుట్టూ తవ్వి, ప్రతి మొక్కా మట్టిముద్దతో సహా తీసి, తట్టకెత్తుకుని వెళ్ళి, వదిన గరువు నేలలో నా చేత్తోనే నాటి వచ్చాను. ఆ రోజు ఎంత మురిసిపోయానో చెప్పలేను.

భాద్రపదం వెళ్ళేసరికి ఆమె మొక్కలు గిడసబారిపోయాయి. ఆకులు పసుపెక్కాయి. మధ్యాహ్నం తలలు వాల్చేసేవి, సాయంత్రానికి లేచేవి, మర్నాడు మళ్ళీ అంతే. నీళ్ళు పోసినా లాభం లేదు, పేడ వేసినా లాభం లేదు. నా మొక్కలూ అంతంతమాత్రంగానే ఉన్నాయి.

ఒకరోజు కంచె దగ్గర వదిన నోరు జారింది. "నిన్ను నాటనివ్వడం నాదే బుద్ధి తక్కువ. నీ చెయ్యి మంచిది కాదే. ఆ చేతిలో మనిషే నిలవలేదు, మొక్క నిలుస్తుందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ నోట్లో మన్ను పడ! నీ నోటికి జడిసే నీ మొగుడు బండెక్కి పారిపోతున్నాడు" అన్నాను. అందులో కొంత నిజముంది, అందుకే అసలు అనకూడదు. ఆమె ముఖం పాలిపోయింది. ఆ రోజు నుంచి కంచె దగ్గరికి రావడం మానేసింది.

నెలలు గడిచాయి. ఆమె మళ్ళీ నాతో మాట్లాడాలి, అంతే, నాకు ఇంకేమీ అక్కర్లేదు. కానీ ముందుగా నేను వెళ్ళను. నా చెయ్యి అలాంటిది కాదని ఆమే ఒప్పుకోవాలి. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. లోలోపల నేనూ ఆ మాట నమ్మడం మొదలుపెట్టాను. అంటుమొక్కకు నీళ్ళు పోసేటప్పుడు ఆకు తగలకుండా చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని.

మామిడి పూతకు తేనెమంచు తెగులు పట్టిందని కామందుగారు వ్యవసాయ శాఖ ఆయన్ను పిలిపించారు. బక్కపలచని మనిషి, చేతిలో గొడుగు. తిరిగి పోతూ నా మడి దగ్గర ఆగి, అడగకుండానే ఒక వంగ మొక్క పీకారు.

"అయ్యో, పీకేశారేంటండీ!" అని అరిచాను.

ఆయన వేళ్ళు దులిపి చూపించారు. నిండా బుడిపెలు. ఆవగింజంతవి కొన్ని, చిక్కుడు గింజంతవి కొన్ని. "నులిపురుగులమ్మా" అన్నారు.

"పిల్లల కడుపులో ఉండేవాండీ?"

"ఆ జాతివే. ఇవి మట్టిలో ఉంటాయి, కంటికి కనపడవు. వేళ్ళలో దూరి రసం పీలుస్తాయి."

"అయితే నేలకి ఆముదం పట్టమంటారా?" అన్నాను వెటకారంగా.

"ఆముదం కాదు గానీ ఆముదప్పిండి వెయ్యి. వేపపిండి అయినా మంచిదే" అన్నారాయన, నవ్వకుండా. రోహిణి ఎండల్లో నేల లోతుగా తవ్వి తిరగెయ్యమన్నారు. నారు ఏటా ఒకే చోట పొయ్యొద్దన్నారు, పోసేముందు మడి మీద చెత్త కాల్చమన్నారు. వంగ తీసిన చోట ఒక ఏడు నువ్వులు వెయ్యమన్నారు. తోటంతా కాల్చేస్తే పీడా పోతుంది కదండీ అంటే తల అడ్డంగా ఊపారు. నులిపురుగుల్లో మంచివి కూడా ఉంటాయట. కొన్ని ఈ చెడ్డవాటినే పట్టి తింటాయట, కొన్ని కుళ్ళిన ఆకులో పెరిగి మట్టికి సత్తువ తెస్తాయట. పేడా ఆకూ బాగా వేస్తే అవి పెరుగుతాయన్నారు. బంతి మొక్కల పక్కనున్న వంగలు మాత్రం పచ్చగా ఉన్నాయేంటండీ అని అడిగాను. వంగి చూసి, "తెలియదమ్మా" అన్నారు. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఆయన అటు వెళ్ళారో లేదో, ఆ మొక్క పట్టుకుని కంచె వైపు పరుగెత్తాను. నా చెయ్యి కాదు, పురుగు! సగం దూరంలో కాళ్ళు ఆగిపోయాయి. వెళ్తూ వెళ్తూ ఆయన అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. "వీటికి కాళ్ళూ రెక్కలూ ఉండవమ్మా. నారుకి అంటిన మట్టితోనే తోట నుంచి తోటకు పోతాయి."

వదిన గరువులో అంతకు ముందు ఎప్పుడూ వంగ లేదు. తట్ట నిండా మట్టిముద్దలు మోసుకెళ్ళింది నేనే.

వెనక్కి వచ్చేశాను. సగం చెబితే చాలు కదా అనుకున్నాను. 'చెయ్యి కాదు, పురుగు' అంటే చాలు, ఆమె మెత్తబడుతుంది. మిగతా సగం ఆమెకు ఎవరు చెబుతారు? పూత పిందె అయింది, పిందె కాయ అయింది. కోతకు వచ్చినవాళ్ళు కోసుకుని, బండ్లకెత్తుకుని వెళ్ళిపోయారు. సగం మాటతో ఆమెను తెచ్చుకుంటే, ఎదురుగా నిలబడి రోజూ మిగతా సగం మింగుతూ ఉండాలి. అది నావల్ల కాదని రోహిణి కార్తె వచ్చేసరికి తేలిపోయింది.

ఎండబెట్టి దాచిన ఆ వేరు పట్టుకుని కంచె దాటాను. వదిన మళ్ళీ అదే చోట వంగ వెయ్యడానికి గడ్డి చెక్కుతోంది. తల ఎత్తలేదు. నిలబడి మొత్తం చెప్పాను.

"అంటే నా నేల పాడుచేసింది నువ్వేనా?"

"నేనే."

"నీకెప్పుడు తెలిసింది?"

"పూతప్పుడు."

"ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఇప్పుడెందుకు చెబుతున్నావే? చెప్పకపోతే నాకు తెలిసేదా?"

దారిలో చాలా అనుకుని వచ్చాను. అవన్నీ వదిలేసి, "మాట్లాడ్డానికి మనిషి లేదొదినా" అన్నాను. "తిట్టు. తిట్టినా మాటే కదా."

ఆమె తిట్టలేదు. వేరు తీసుకుని బుడిపెను గోటితో నలిపి చూసింది. పార భుజానేసుకుని పాకలోకి వెళ్ళిపోయింది. నేను వచ్చేశాను. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు పొద్దున్నే కంచె అవతల నుంచి కేక వినపడింది. "ఏమే, బతికే ఉన్నావా? ఎంత లోతు తవ్వాలో చెప్పి చావు!"

నేను గుమ్మంలోనే ఉన్నాను. స్పష్టంగా వినపడింది. అయినా వెంటనే పలకలేదు. ఇంకోసారి పిలిస్తే వినాలనిపించి అలాగే నిలబడ్డాను.