విల్లుబండి వచ్చేదాకా

మా ముత్తాత పులివెందుల చుట్టుపక్కల ఊళ్ళకు తీర్పు చెప్పినవాడు. మా తాత గుర్రం దిగి కచేరీ మెట్లెక్కుతుంటే గుమాస్తాలు లేచి నిలబడేవాళ్ళు. నాయన కాలానికి పొలాలు చాలావరకు చేతులు మారాయి. విల్లుబండి, మెడల్లో ఇత్తడి గజ్జెలున్న ఎద్దుల జత మిగిలాయి. పొరుగూరికైనా నాయన ఆ బండిలోనే పోయేవాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఆయన మోకాలి కింద కంతి లేచింది. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో కోసి తీశారు. నన్నూ నాయననూ ఆసుపత్రిలో దించి వెనక్కి పోతుంటే బండి చక్రం విరిగింది. బాగుచేయించడానికి బండివాడు దాన్ని ప్రొద్దుటూరుకు చేర్చాడు.

కొద్దిరోజులకు డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. ఆమె కోస్తా మనిషి. "గాయం శుభ్రంగా ఉందండీ. రేపే ఇంటికి వెళ్ళిపోండి. ఈ వార్డులో చీము పుండ్లు ఎక్కువ. ఉన్నకొద్దీ మీకూ అంటుకుంటుంది" అంది.

నిజమే. మా వరసలో తడవని కట్టు నాయనదొక్కటే.

నేను బస్సు మాట ఎత్తాను.

"కోళ్ళ గంపల నడుమ కూచోని ఊర్లో దిగల్నా? బండి రానీ" అన్నాడు నాయన.

పక్క మంచం మీద వేముల ఊరి నుంచి వచ్చిన రైతు నవ్వాడు. కొడవలికి తెగిన అతని చేయి చీము పట్టి వాచిపోయి ఉంది. "నీ బండి వచ్చేలోగా చీము నడిచే వస్తాది మామా."

"మరి నువ్వు యాల పోలేదప్పా?"

"ఈడ గంజి శానా బాగుండాదిలే."

నాయన నవ్వలేదు. ఈగలు ఆ చేతి మీద వాలి, లేచి, నాయన కాలి మీదికి వచ్చేవి. పగలంతా తువ్వాలతో తోలుతూ కూర్చునేవాణ్ణి. బండి సిద్ధమైందన్న కబురు రాలేదు.

ఒక ఉదయం నాయన కట్టు తడిసి, వాసన వేసింది. డాక్టరమ్మ ముఖం బిగుసుకుంది. "ఎముకకు పాకితే కాలు తీసెయ్యాలి. సూది మందు ప్రొద్దుటూరులో దొరుకుతుంది. ఈరోజే తెప్పించండి."

చేతిలో డబ్బు లేదు. నాయన గోడ వైపు తిరిగాడు. బండి సంగతి అడగాలంటే నాకు నోరు రాలేదు. ఆయనే అన్నాడు. "అమ్మెయ్. గజ్జెలు మాత్రం విప్పి తీస్కరా."

కాలు దక్కింది గానీ మోకాలు మళ్ళీ వంగలేదు. ఎర్రగుంట్ల మీదుగా బస్సులో, కాలు చాపుకొని, నిటారుగా కూర్చుని ఊరికి వచ్చాడు.

బండి, ఎద్దులు ప్రొద్దుటూరులోనే అమ్ముడుపోయాయి. గజ్జెలు ఆ తర్వాత వచ్చిన కరువులో అమ్మాం.