ఘాటు రాని మిరపకాయలు

మా అత్తయ్యగారు దిష్టి తీస్తే పద్ధతిగా తీస్తారు. ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు గుప్పిట్లో బిగించి, మనిషి చుట్టూ తిప్పి, నిప్పుల మీద వేస్తారు. ఘాటు లేచి ఇంటిల్లిపాదీ దగ్గితే ఏమీ లేనట్టు. మిరపకాయలు మాడి మసైపోయినా ఘాటు రాలేదంటే గట్టి దిష్టే తగిలినట్టు. మామగారి పోర్టు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి కంచరపాలెం వచ్చినప్పుడు ఆవిడ సామానుతోపాటు ఈ నమ్మకం కూడా వచ్చింది. నేను నమ్మేదాన్ని కాదు. పెద్దకోడలికి నోరెక్కువని ఆవిడ ఫిర్యాదు, అది నిజమే. అయినా ఒక సాయంత్రం నిజంగానే ఘాటు రానప్పుడు నా నోరు పడిపోయింది.

అప్పుడు నా తోటికోడలికి ఏడో నెల. సీమంతం ఘనంగా చేశాం. వీధి వీధంతా వచ్చింది. ఒక్కొక్కరే ఆమె మీదకు వంగి బుగ్గలకు గంధం రాసి, చేతులకు గాజులు తొడిగి, నోట్లో మిఠాయి పెట్టారు. గోపాలపట్నం నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ మొదటినుంచీ చివరిదాకా దగ్గుతూనే ఉంది. అరచేతిలోకి దగ్గి, "వాతావరణం మారింది కదా" అని నవ్వి, అదే చేత్తో గంధం గిన్నె అందుకుంది. జ్వరం పెట్టుకుని ఎందుకొచ్చావమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. శుభమా అని పేరంటానికొచ్చిన మనిషిని ఎలా అంటాం? మింగేశాను.

రెండు రోజులు తిరిగేసరికి ముందు పడిపోయింది తోటికోడలే. పొద్దున్న నవ్వుతూ కాఫీ తాగిన పిల్ల మధ్యాహ్నానికి మంచమెక్కింది. ఒళ్ళంతా నొప్పులు, పొడిదగ్గు, ఒకటే వణుకు. సీమంతం గాజులు పురుడొచ్చేదాకా తీయకూడదంటారు. అందుకని ఆమె వణికినప్పుడల్లా మోచేతుల దాకా ఉన్న ఆ మట్టిగాజులన్నీ మోగేవి. మూసిన గదిలోంచి సన్నగా, ఆగకుండా అదే చప్పుడు. పట్టాల మీద గూడ్సు బండి పోతున్నంతసేపూ వినబడేది కాదు. బండి వెళ్ళిపోగానే మళ్ళీ మొదలయ్యేది.

గాలి సోకుతుందని అత్తయ్యగారు కిటికీలన్నీ మూయించారు. ఆవిడ అనే గాలి వేరు. మరిది మెడికల్ షాపులో జ్వరమని చెప్పి ఏవో యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చాడు. ఆ మూసిన ఇంట్లో ఒకరి తర్వాత ఒకరం అందరం దగ్గడం మొదలుపెట్టాం.

తర్వాత ఇల్లే ఏదోలా మారిపోయింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడేదాకా పక్కనే నిలబడ్డాను, నాకు తెలియలేదు. సందు మొదట్లో ఎండుచేపలమ్మే ఆవిడ కూర్చునే ఉంది, కానీ ఆ వాసన లేదు. అగరొత్తి పొగ కంటికి కనబడుతోంది, అంతే. మా ఇంటిని ఎవరో ఎత్తుకుపోయి అచ్చం అలాంటిదే ఇంకొకటి తెచ్చి పెట్టారా అనిపించింది. జ్వరంతో బుర్ర పనిచేస్తేగా. ఎవరితోనూ అనలేదు.

నాలుగో రోజు సాయంత్రం గంజి తీసుకుని గదిలోకి వెళ్ళాను. తోటికోడలు నావైపు చూడలేదు.

"అక్కా, ఆ మూల నిలబడ్డావిడకి ఎవరూ గంధం రాయలేదు. ఇందాకట్నుంచి నా పొట్టకేసే చూస్తోంది."

మూల ఎవరూ లేరు. సీమంతం పీట గోడకు ఆనించి ఉంది. సంధి మాటలని తెలుసు. తెలిసినా ఆ మూలకు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. గాజులు మోగుతూనే ఉన్నాయి.

అత్తయ్యగారు కొబ్బరిచిప్ప రాజేసి నిప్పులు చేశారు. పేరంటానికొచ్చిన ప్రతి కన్నూ పిల్ల పొట్టమీదే పడిందని ఆవిడ అనుమానం. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణుక్కుంటూ తిప్పి, గుప్పెడు మిరపకాయలు వసారాలో నిప్పుల మీద వేశారు. అవి ఉబ్బి, నల్లబడి, పొగ లేచింది. అందరం చూస్తున్నాం. ఘాటు రాలేదు. దగ్గు వచ్చిందనుకోండి, కానీ ఆ దగ్గు అంతకుముందునుంచీ ఉన్నదే, దాన్నెవరు లెక్కపెడతారు? అత్తయ్యగారి మొహం పాలిపోయింది. దిష్టి ఇంతగా తగిలిన మనిషిని పొద్దుగూకాక గడప దాటించకూడదనీ, ఆసుపత్రైనా ఇంకోటైనా తెల్లవారాక, ముందు తాయెత్తు కట్టించాకేననీ చెప్పేశారు. ఎదురు చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. నేనూ భయపడ్డాను.

అప్పుడే లోపల గాజుల చప్పుడు ఆగిపోయింది.

వణుకు తగ్గిందని మామగారు దణ్ణం పెట్టారు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఎవరో ఊపిరాడనట్టు దగ్గారు. పైవాటాలో అద్దెకుండే ఆవిడ. సీమంతానికి ముందే విజయనగరం పుట్టింటికెళ్ళి అప్పుడే దిగింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఏటి పిన్నిగారూ ఈ ఘాటు? నాను మెట్లెక్కలేకపోతన్నాను. మీకేటీ తెలవట్లేదా?"

అత్తయ్యగారు నిప్పులకేసి చూసి, ఆమెకేసి చూశారు.

"నీకు వాసనొస్తోందా?"

"రాకపోడమేటి? సందు సివరిదాకా కొడతంది."

మిరపకాయలకు ఏమీ కాలేదు. చచ్చిపోయినవి మా ముక్కులు. ఇంట్లో అందరికీ ఒకటే జబ్బు, ఆ పేరంటంలో వచ్చిందే. పిల్ల మీద పడ్డవి కళ్ళు కావు, తుంపరలు. గదిలోకి పరిగెత్తాను. తోటికోడలి పెదాలు నీలంగా ఉన్నాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. వణకడానికి కూడా ఓపిక లేక గాజులు ఆగాయి, అంతే. గడప దాటకూడదంటే గడపే పీకేస్తానని అరిచాను. అత్తయ్యగారే వెళ్ళి తలుపు తీశారు.

సీతమ్మధార ఆసుపత్రిలో ముందు ఆక్సిజన్ పెట్టారు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్షకు తీశారు గానీ, ఫలితం కోసం ఆగకుండా వైరస్ మందు మొదలుపెట్టారు. ఇది ఇన్‌ఫ్లుయెంజాలాగే ఉందని, కడుపుతో ఉన్నవాళ్ళను గట్టిగా పట్టుకుంటుందని, ఈ మందు ఎంత తొందరగా వేస్తే అంత మంచిదని డాక్టరమ్మ చెప్పింది. మేం మింగించిన యాంటీబయాటిక్ వైరస్ జోలికే పోదట. సీమంతానికి ముందే టీకా వేయించి ఉండొచ్చు కదా అని కోప్పడింది. సూది పెట్టడానికి గాజులు తీయాలంది నర్సు. నేను అత్తయ్యగారికేసి చూశాను. ఆవిడే చేతికి సబ్బు రాసుకుని ఒక్కొక్క గాజూ తీసి ఒళ్ళో వేసుకున్నారు. పొట్టమీద యంత్రం పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించినప్పుడు ఆవిడ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

పరీక్షలోనూ ఇన్‌ఫ్లుయెంజా అనే తేలింది. నెలలు నిండాక తోటికోడలికి ఆడపిల్ల పుట్టింది. అప్పట్నుంచి ఏటా వానలు పడేలోగా అందరం టీకా వేయించుకుంటున్నాం. టీకా గొడుగులాంటిది, జల్లు కొడితే కాళ్ళు తడవొచ్చుగానీ నిలువునా తడవరు అంటుంది డాక్టరమ్మ. దిష్టి మాత్రం అత్తయ్యగారు మానలేదు. కిటికీలు తెరిచి తీస్తారు.

మొన్న సాయంత్రం బడి నుంచి నీరసంగా వచ్చిందని మనవరాలిని పీట మీద కూర్చోబెట్టి మిరపకాయలు తిప్పి వేశారు. ఘాటు గుప్పుమని లేచింది. అందరం పొలమారి దగ్గాం. మరిది తిట్టుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. ఏ దిష్టీ లేదని అత్తయ్యగారు నవ్వబోయారు. పిల్ల ఒక్కతే కదలకుండా కూర్చుని మమ్మల్ని వింతగా చూస్తోంది.

"ఏటయింది నానమ్మా? నాకేటీ వాసన రాట్లేదు."

వద్దనుకుంటూనే ఆ గది మూలకేసి చూశాను. అత్తయ్యగారు పిల్ల నుదుటి మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి తీయలేదు.

"అమ్మాయ్, ఆటో పిలువు" అన్నారు నాతో.

బయట పొద్దుగూకింది. ఆవిడ అప్పటికే పిల్లని ఎత్తుకుని గడప దాటేశారు.