మహానందమ్మ గొలుసు

యామిని వెనక్కి తిరగలేదు.

ఆళ్లగడ్డలోని ఆ ప్రాథమిక పాఠశాల వంటగది వరండాలో రెండో తరగతి యామిని కాళ్లు చాపుకుని కూర్చుని చిక్కీ కొరుకుతోంది. బడి ఆయమ్మ మహానందమ్మ ఆ పిల్ల వెనక, ఎడమ పక్కగా నిలబడి మామూలు గొంతుతోనే పేరు పెట్టి పిలిచింది. పిల్ల చిక్కీ కొరుకుతూనే ఉంది. ఇంకోసారి పిలిచింది. ఈసారి కుడి పక్కకు నడిచి, గొంతు ఇంకా తగ్గించి పిలిచింది. యామిని టక్కున తలెత్తింది.

"ఏంది ఆయమ్మా?"

"ఏం లే. తిను."

నాలుగు రోజులుగా ఆమె ఇదే పని చేస్తోంది. గంట కొట్టేటప్పుడు, చేతులు కడిగించేటప్పుడు, జడ ముడి సవరిస్తున్నట్టు వంగి, ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. ప్రతిసారీ పిల్ల తిరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టేది. ఒకసారి తిరిగింది కూడా. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే పిల్ల చూస్తున్నది గోడ మీది ఉడతను.

మహానందమ్మకు యాభై నాలుగేళ్లు. పుట్టింది మహానంది పక్కన పల్లెలో. శాంతయ్యను పెళ్లాడి ఆళ్లగడ్డకు వచ్చింది. శాంతయ్య రాతి విగ్రహాలు చెక్కే షెడ్డులో నునుపు పని చేసేవాడు. ఆ రాతి పొడి గుండెల్లో పేరుకుని, దగ్గి దగ్గి నలభై దాటకుండానే పోయాడు. పిల్లలు లేరు. ఆయన ఉన్నప్పుడు చేయించిన సన్నటి బంగారు గొలుసు ఒకటి మిగిలింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఈ బడిలో ఆయమ్మగా చేరింది. ఊడ్చడం, మరుగుదొడ్లు కడగడం, నీళ్లు పట్టడం, చిన్నపిల్లల లాగు బొత్తాలు పెట్టడం, అన్నీ ఆమె పనే. చేరి పన్నెండేళ్లయింది. ఒక్క పిల్ల మీద చెయ్యెత్తిందని ఎవరూ అనలేదు.

ఆ గొలుసుకు ఊళ్లో పేరుంది. పిల్లలకు గవదబిళ్లలు లేస్తే ఆ వైపు ఇళ్లల్లో దవడ కింద పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తారు, మెడలో బంగారు గొలుసు వేస్తారు. బంగారం ఒంటికి తగిలితే వాపు దిగుతుందంటారు. వారం పది రోజులకు వాపు ఎటూ దిగేదే, పేరు మాత్రం బంగారానికి వస్తుంది. ఇంట్లో బంగారం లేనివాళ్లు మహానందమ్మను అడిగేవాళ్లు. ఆమె హస్తవాసి మంచిదని హిందువులూ తురకలూ అందరూ ఒప్పుకునేవారు.

అడిగినవాళ్లకు లేదనేది కాదు. అయితే ఒక కట్టడి ఉండేది. గొలుసు ఆమె కళ్ల ముందే ఉండాలి. పొద్దున బడికి రాగానే తన చేత్తో పిల్ల మెడలో వేస్తుంది, బడి వదిలేటప్పుడు తీసుకుంటుంది. కాబట్టి గొలుసు కావాలంటే పిల్లను బడికి పంపాలి. కూలికి పోయే తల్లులకు ఇది ఇంకా బాగుండేది. రోగమొచ్చిన పిల్లను చూసుకునే మనిషి దొరికేది, పని దినమూ పోయేది కాదు.

ఈ ఏడు దసరా సెలవులు కాగానే మూడో తరగతి ప్రదీప్‌కు దవడలు ఉబ్బాయి. ఆ వారంలోనే మరో నలుగురికి. వైద్యశాఖ వాళ్లు వచ్చి చూసిపోయారు. హెడ్మిస్ట్రెస్ సుకన్య మహానందమ్మను పిలిచి, రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి ప్రతి పిల్ల చెవుల కింద వేలితో తడిమి చూడమంది. వాపుంటే వెనక్కి పంపాలి. వాపు కనిపించిన నాటి నుంచి ఐదు రోజులు ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉండాలి. ఆ పని మీద ఇంకెవరినైనా పెడితే పిల్లలు ఏడుస్తారని, నువ్వైతే నవ్వుకుంటూ చూపిస్తారని కూడా అంది.

మహానందమ్మ సరేనంది. ముగ్గురిని వెనక్కి పంపింది కూడా. కానీ గొలుసు పడ్డ పిల్ల సంగతి వేరని ఆమె నమ్మకం. గొలుసు పడ్డాక అది రోగం కాదు, తగ్గుముఖం. ప్రదీప్ మెడలో గొలుసు వేసి, వాణ్ణి వెనక గేటు నుంచి లోపలికి తెచ్చుకుంది. తరగతిలో కూర్చోబెట్టలేదు. వంటగది వరండాలో, తన పక్కనే ఉంచుకుంది. అది జాగ్రత్తేనని అనుకుంది.

ఆ వరండాలో పొద్దున పూట ఇంకో పిల్ల ఉండేది. యామిని తల్లి భవాని ఏడున్నరకే ఆటో ఎక్కి పత్తి తీయడానికి పోతుంది. తండ్రి నరేంద్ర లారీ మీద పోతే వారానికి గానీ రాడు. అందుకని యామినిని తెచ్చి మహానందమ్మ దగ్గర వదిలేది. గంట కొట్టేదాకా యామిని, ప్రదీప్ కలిసి చింతగింజలు ఆడుకునేవారు. ఒకరోజు ఇద్దరూ ఒకే గ్లాసుతో నీళ్లు తాగారు. మహానందమ్మ చూసింది. కడిగి తాగమందామనుకుంది. చేతిలో చీపురుంది, వరండా సగం ఊడ్చి ఉంది. అనలేదు.

మూడు వారాలకు యామిని చెంపలు బూరెల్లా పొంగాయి. గొలుసు పడింది. నాలుగో రోజు రెండుసార్లు కక్కింది, గోడ పట్టుకుని నడిచింది. తర్వాత అంతా తగ్గింది. తగ్గిందనే అనుకున్నారు.

అట్లా పిలిచి చూడటం మొదలుపెట్టిన ఐదో రోజు మహానందమ్మ సుకన్య గదిలోకి పోయింది. పిల్లకు ఎడమ చెవి వినపడుతున్నట్టు లేదని మాత్రం చెప్పింది. గేటు సంగతి, వరండా సంగతి చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. ఈ ఉద్యోగం లేకుంటే తానెవరో ఆమెకే తెలియదు. సుకన్య వెంటనే భవానికి ఫోన్ చేసి, నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. భవాని ఒక్కతే భయపడుతుంది, నువ్వు తోడుపో ఆయమ్మా, అంది.

నంద్యాలలో చెవుల డాక్టరు యామినిని అద్దం కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టించి, రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడగానే చెయ్యెత్తాలి. ఇదేదో ఆట అనుకుని పిల్ల నవ్వింది. మిషను దగ్గర కూర్చున్న అమ్మాయి ముందు కుడి చెవికి శబ్దం పంపింది. చెయ్యి లేచింది. లేచింది. మళ్లీ లేచింది. తర్వాత ఎడమకు మార్చింది. పిల్ల చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

మహానందమ్మ అద్దానికి దగ్గరగా జరిగింది. ఎత్తు, తల్లీ. పెదవులు కదిలాయేమో, యామిని ఆమె ముఖంలోకి చూసింది, చూసి ఠక్కున చెయ్యెత్తింది. మిషను అమ్మాయి తలెత్తకుండానే, ఇప్పుడు నేను శబ్దమేమీ పంపలేదు, మీరిద్దరూ అటు తిరిగి నిలబడండి అంది.

అటు తిరిగారు. గోడ మీద పోలియో చుక్కల బొమ్మ ఉంది. వెనక ఏం జరుగుతోందో తెలియదు.  భవాని మహానందమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.  మహానందమ్మకు చెయ్యి విడిపించుకోవాలనిపించింది, విడిపించుకోలేదు.

డాక్టరు దాచిపెట్టకుండా చెప్పారు. గవదబిళ్లల్లో ఎక్కడో ఒకరికి ఇట్లా అవుతుంది. ఎడమ చెవి పోయింది. తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కుడి చెవి చక్కగా ఉంది, మాటకూ చదువుకూ లోటుండదు. బడిలో ముందు వరసలో, టీచరు కుడి చెవి వైపు ఉండేటట్టు కూర్చోబెట్టండి. రోడ్డు దాటేటప్పుడు ఒంటరిగా వదలొద్దు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన భవాని, మధ్యలో యామిని, ఇటు చివర మహానందమ్మ కూర్చున్నారు. భవాని చాలాసేపు ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటుండగా ఫోన్ మోగింది. పక్క వీధి హమీదా, పత్తి పనికి తోడొచ్చే మనిషి. ఆమె కొడుకు సలీం ఒకటో తరగతి. పొద్దున లేచేసరికి వాడి దవడ ఉబ్బిందట.

"భయపడాకు హమీదక్కా," అంది భవాని, ముక్కు ఎగబీలుస్తూ. "రేపు బడికి తోలు. ఆయమ్మ గొలుసు ఏస్తాది. మా పాపకు ఒక చెవన్నా మిగిలిందంటే ఆ గొలుసు చలవే."

 ఇంతదాకా మహానందమ్మ భయం ఒక్క చెవిది. ఇప్పుడు రేపటి పొద్దున కనిపించింది. వరండాలో సలీం, వాడి పక్కన గంట కోసం కాచుకుని ఉండే పిల్లలు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇంకా మంచి పేరే వస్తుంది.

"గొలుసు ఇయ్యనని చెప్పు," అంది.

భవాని ఫోన్ చెవి దగ్గర నుంచి కొంచెం దించింది. "ఏమి?"

"ప్రదీప్ గాన్ని గేటు కాడ ఆపమని టీచరమ్మ చెప్పింది. ఆపల్యా. మెడలో గొలుసుందని ఎనక గేటు నుంచి నేనే రానిస్తి. యామిని పక్కన కూసోబెడ్తి. ఇద్దరూ ఒకే గ్లాసులో నీళ్లు తాగినారు. సూస్తానే ఉంటి."

మధ్యలో కూర్చున్న యామిని కిటికీలోంచి గొర్రెల మందను చూస్తూ తల్లిని ఏదో అడిగింది.  భవాని మహానందమ్మ వైపు అదేపనిగా చూస్తోంది. ఫోన్‌లో హమీదా, ఉన్నావా మ్మే, ఉన్నావా అంటోంది.

చివరికి భవాని ఫోన్ ఎత్తింది. ఆ గొంతులో ఏడుపు లేదు, ఇంకేమీ లేదు.

"సలీంను ఐదు దినాలు ఇంటికాడనే పెట్టుకో. బడికి తోలొద్దు... గొలుసూ వద్దు, ఏమీ వద్దు. వాని గ్లాసు, వాని తట్ట ఏరే పెట్టు... పనికి నువ్వు రాకుంటే మేస్త్రీకి నేను చెప్తాలే."

పెట్టేసింది. బస్సు శిరివెళ్ల దాటింది. భవాని యామినిని ఎత్తి తన ఒళ్లోకి తీసుకుంది. మధ్యలో సీటు ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి మహానందమ్మ జరగలేదు.

"రేపు టీచరమ్మకు నువ్వు చెప్తావా," అంది భవాని, బయటికే చూస్తూ, "నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

"గేటు కాడ నిలబడక ముందే చెప్పు."

మహానందమ్మ తలూపింది.  ఆళ్లగడ్డ ఇంకా అరగంట దూరముంది.