బొంత రెండో కొస

పలాసలో మా ఇంటి వాషింగ్ మిషన్ మూత తీయగానే దుప్పట్లోంచి పూల సెంటు వాసన గుప్పుమంది. లోకంలో ఏ పువ్వుకూ లేని వాసన అది. కవిటి నుంచి నన్ను చూడటానికొచ్చిన అక్క, అంటే మా పెదనాన్న కూతురు, ముక్కు దగ్గర పెట్టుకుని మురిసిపోయి, "ఎన్ని మిషన్లొచ్చినా ఆ రోజులు రావే. బొంతలుతికితే వీదంతా ఒక్కటైపోయేది" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ రోజులు బాగుండేవి కావని నేననను. శివరాత్రితో చలి వెళ్ళిపోయి, జీడిమామిడి పళ్ళు ఎర్రబడి తోటంతా పులిసిన తీపి వాసన కొట్టే రోజుల్లో, మా పుట్టినూళ్ళో వీధి ఆడవాళ్ళంతా ఒకరోజు అనుకుని దిండ్లూ బొంతలూ బయటికి లాగేవారు. దిండ్ల కుట్లు విప్పి, ఏడాదంతా తలల కింద నలిగి ఉండలు కట్టిన బూరుగు దూదిని చాపల మీద పరిచి, సముద్రపు గాలికి ఎగిరిపోకుండా సన్న కన్నుల పాత వల కప్పి, నాలుగు మూలలా కొబ్బరికాయలు బరువు పెట్టేవారు. మేం వల కింద చేతులు దూర్చి ఉండలు విప్పుతుంటే ముక్కుల్లోకి దూది వెళ్ళి ఒకటే తుమ్ములు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలు సోడా వేసిన వేడినీళ్ళలో నానాక ఒక్కొక్కటీ దూడంత బరువయ్యేవి. వాటిని నూతిగట్టు మీద కాళ్ళతో తొక్కి, కర్రతో బాది, చివరికి ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పితే గాని నీళ్ళు దిగేవి కావు. ఆ రోజు వంటకు తీరికెక్కడిది? చద్దన్నం, ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళ చేపలు. జీడిపండు రసం మరక చస్తే వదలదు, అది తిన్న చేతులతో ఉతికిన బొంత ముట్టుకున్నామో, వీపు విమానం మోతే.

ఏ ఏడాదైనా అమ్మకు రెండో కొస పట్టేది పెద్దమ్మ. అక్కకు తల్లి, మా అమ్మకు తోడికోడలు. ఇద్దరూ పిండుతూ ఊళ్ళో వాళ్ళందరినీ ఆడిపోసుకుని పడీపడీ నవ్వేవారు.

నాకు పదేళ్ళప్పుడు నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో అది కొత్త మాట కాదు, వీధికొకరిద్దరు ఒళ్ళు వాచి మంచం పట్టినవాళ్ళే. కారణం ఎవరికీ సరిగ్గా తెలియదు గాని, అంతా నీళ్ళలోనే ఉందని ఊరు నమ్మేది. నాన్నకు ఒళ్ళంతా దురద. గోళ్ళతో రక్కుకుంటే బొంతనిండా రక్తపు చారలు. శుభ్రమైన బొంత వేసిన రోజే కాస్త కన్నంటుకునేది. అందుకని ఆ ఏడాది అమ్మ అన్నిటికంటే ముందు ఆయన బొంతే నూతి దగ్గరికి తెచ్చింది.

"ఆగాగు. ఆ నీల్లు నూతిలోకి దిగితే మా పిల్లలేటవ్వాల? దూరంగా అట్టుకెల్లి ఉతుక్కోయే" అంది పెద్దమ్మ. తక్కిన ఆడవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరు, తప్పని అనలేదు.

ఆ తెలివి చూడండి. ఆ నూతి నీళ్ళు తాగే నాన్న మంచం పట్టాడన్నది వాళ్ళే. అవే నీళ్ళు బిందెలకు బిందెలు తోడుకుని పిల్లలకు తాగించిందీ వాళ్ళే. ఆయన బొంత తగిలితే మాత్రం నుయ్యి చెడిపోతుందట!

అమ్మ కొబ్బరితోట చివరికి నీళ్ళు మోసుకెళ్ళి ఉతికింది. రెండో కొస నేను పట్టాను. అమ్మ మెలితిప్పేసరికి నా చేతులు జారి బొంత ఇసకలో పడింది. మళ్ళీ జాడించి ఇచ్చింది, మళ్ళీ పడేశాను. అమ్మ నా చెంప ఛెళ్ళుమనిపించి, తనే ఏడ్చింది. సరిగ్గా పిండని బొంత ఆ కొబ్బరి నీడలో, ఆ ఉప్పుగాలిలో మూడురోజులైనా ఆరక ముక్కవాసన కొట్టింది. ఉత్త చాప మీద దొర్లుతూ నాన్న పూటకోసారి "ఆరిందేటే?" అని నన్నే అడిగేవాడు. ఇంకో బొంత వేస్తే అదీ రక్తపు చారలవుతుంది, దాన్నీ తోట చివరికే మోసుకెళ్ళి ఉతకాలి. వానలు మొదలయ్యేలోపే నాన్న పోయాడు.

మరుసటేడు పెద్దమ్మ గుమ్మంలోకొచ్చి, ఏమీ జరగనట్టు, బొంతలు పిండాలి రమ్మని అమ్మను పిలిచింది. అమ్మ కొంగు బిగించి వెళ్ళింది! నేను కాళ్ళకడ్డం పడ్డాను, ఎందుకెళ్తావని అరిచాను.

"అదొక్కర్తీ ఎలాగ పిండతాదే?" అంది అమ్మ.

పెద్దమ్మ మీద కోపం సరే, అలా వెళ్ళిన అమ్మ మీద కూడా నాకింకా కోపమే. ఇద్దరూ లేరిప్పుడు. తుఫానుకు బూరుగు చెట్లు కూలాయి, దిండ్లలోకి స్పాంజి వచ్చింది, బొంత కుట్టే చెయ్యి ఊళ్ళో ఒక్కటి లేదు. ఆ నూతికి పైన పలక వేసేశారు, తాగే నీళ్ళు క్యాన్లలో వస్తున్నాయి.

ఇదంతా అక్క ముఖం మీదే చెప్పాను.

"నాకేటి తెలుసే, సిన్నదాన్ని" అంది. నాకన్నా మూడేళ్ళు పెద్దది. ఆ రోజు నూతిగట్టు మీదే ఉంది.

నేను దుప్పటి తీసుకుని మేడెక్కాను. అక్క ఆయాసపడుతూ వెనకాలే వచ్చి, దండెం దగ్గర రెండో కొస అందుకోబోయింది.

"వదిలెయ్. మిషను పిండేసింది" అన్నాను.